దారి చెప్పాలె

ఇన్‌స్టాల్ అయింది అన్నది తెర.
పచ్చగీత కొసదాక పోయి ఆగింది.
వార్నిషు చేతులు లుంగీకి తుడుచుకొని
రెండు వేళ్ళతోని దాని పేరు కొట్టిన, పైతాన్ అని.
అసొంటి పేరు నాకు తెల్వదు అన్నది.

గిప్పుడేగదా లోపటికి తెచ్చిన,
గంటన్నర, సెల్లు నెట్టుతోని,
కరెంటు రెండుసార్లు పోతే రెండుసార్లు మొదటికెల్లి.
అర్రల మనిషిని పెట్టుకొని
వాకిట్ల నిలవడి "గాయన ఈడ ఉండడు" అన్నట్టు
ఎర్రక్షరాలు.

పరకాల అంగడి బజార్ల
పందొమ్మిదేండ్ల సంది మోటర్లు చుడుతున్న.
ఈ యవ్వారం నాకు ఎరుకే.
నడికూడ సాంబయ్య ఓపాలి
రెండొందల ఎనభై ఫీట్లకు మోటరు దించి
బోరు పక్కన తువ్వాల పరుచుకొని కూసున్నడు,
నీళ్ళొస్తయని.
స్టార్టరుకు తీగె కలుపనే లేదు.
చేన్లకు చేన్లు నవ్వినయి. నేనూ నవ్విన.
ఇయ్యాల నా కింద కూడ ఓ తువ్వాల ఉన్నది.

మీసేవల పనిచేసే రాజకొమురు ఫోన్ల అన్నడు
"మామా, నువ్వు ఎన్విరాన్‌మెంట్ సెట్ చెయ్యలే."
ఎన్విరాన్‌మెంట్ అంటే నాకు
మూడో తరగతి పరిసరాల విజ్ఞానం,
కప్ప బొమ్మ, చెలిమె బొమ్మ,
చెలిమెకు దీర్ఘమిచ్చినందుకు ఇరవై గుంజీలు.
"అది గాదే. పాత్. దారన్నట్టు.
అది యాడున్నదో మిషన్‌కు నువ్వే దారి చెప్పాలె."

దారి చెప్పుడా?
బస్టాండు కాడ దిగు,
ఎరువుల దుకాణం ఎన్క సందు,
మూడో షట్టరు,
కాలిన రాగి వాసనొస్తే అదే.
ఎన్ని ఊర్లోళ్ళకు చెప్పలే!
గిదీ గంతేనట.
సి కాడ మొదలువెట్టి, గీతలు ఎన్కకు వాల్చి,
యూజర్లు దాటినంక
నా పేరు.

గీ పేరు కాడనే ఆగింది.

మిషన్ సెకండ్ల కొన్ననాడు మురిసిపోయి
నా పేరు తెలుగులనే పెట్టుకున్న, మొగిలి అని.
పైతాన్‌కు చదువరాదో, దాని చుట్టాలకు రాదో,
ఆడ ఆరు ప్రశ్నగుర్తులు నిలవడ్డయి.
మూడక్షరాల పేరుకు ఆరు.
గుడులు కొమ్ములు సుత లెక్కగట్టింది.
రేషన్ కార్డుల నన్ను మొగలి అన్నరు,
ఓటు చిట్టీల ముగిలయ్య అన్నరు,
ఎవ్వరూ ఇట్ల ఆరుసార్లు అడగలే
నువ్వెవ్వనివిరా అని.

తీసేసి, మళ్ళ ఎక్కిచ్చిన.
ఈసారి సి కిందనే, కావలి గుడిసె లెక్క
ఒక ఫోల్డరు. పేరు పని.
ఇంగ్లీషు అక్షరాలల్ల రాస్తే ఊకున్నది.
దారి రాసిన. సరే అని మూడు చోట్ల నొక్కిన.
మళ్ళ పేరు కొట్టిన.
తెల్వదు అన్నది.

కోపానికి స్క్రూడ్రైవరు చేతులకొచ్చింది గని
రాజకొమురు ఆవలించుకుంట అన్నడు
"ముందుగాల తెరిచిన కిటికీకి కొత్త దారి తెల్వదు మామా,
మూసి తెరువు."

మూసి తెరిచిన.

మూడు బాణాలు.
వాటెన్క మినుకుమినుకుమనే గీత,
చెప్పు ఇంటున్న అన్నట్టు.

నాకు గొంతు ఎండింది.
పదకొండు నోటుబుక్కులున్నయి నా కాడ.
ఏ మోటరుకు ఎన్ని గాళ్ళు, ఎన్ని చుట్లు,
ఏ గేజి తీగె, ఎవని చేనుల ఎందుకు కాలింది,
అన్నీ దీని కడుపుల పెట్టాలె,
నా చూపు మందగించక ముందే.
ముందుగాల ఏమనాలె దీనితోని?
రెండుకు రెండు కలుపుమన్న.
నాలుగు అన్నది. సిగ్గయింది.

గప్పుడే పోయింది కరెంటు.
ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఊకున్నది.
రాసిన దారి ఉంటదా, దీనితోనే పోతదా?
అడుగుదామంటే పిలగాడు పండుకున్నడు.

చీకట్లనే నోటుబుక్కు తెరిచిన.
వార్నిషు మరక గరుకుగా తగిలింది వేలికి.
మొదటి పేజీ చూడకున్నా వస్తది నాకు.
సాంబయ్య, నడికూడ, ఐదు హార్స్‌పవర్.
కాలలేదు. తీగె కలుపలేదు.
పైసలు తీసుకోలేదు.