టులెట్ పలక

బైరాగిపట్టెడలో మూడో సందు మాది.
మిద్దిమీద రూముకి పలక కట్టినాను,
సుద్దముక్కతో నేనే రాసి:
టులెట్. ఫ్యామిలీకి మాత్రమే.

చదవను రాకనే ఎక్కొచ్చిందో ఏమో ఆ పిల్ల.
ఇథియోపియా అంట. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ.
పేరు తిగిస్త్, అంటే ఓర్పు అంట.
పొద్దున్నించీ పదకొండు ఇళ్ళు ఎక్కి దిగింది,
కాలివేలి మింద బొబ్బ.

"నీసు వండకూడదు" అన్నాను, మాట తెంచేద్దామని.
"బుధవారం, శుక్రవారం ముట్టను.
పెద్ద పండగ ముందర యాభైఐదు రోజులు
పాలు కూడా ముట్టను" అంది వచ్చీరాని తెలుగులో.
నాకుండేది ఒక్క శనివారం.
అదీ, నిజం చెప్పాలంటే, పొద్దుగూకేదాకే.

"అడ్వాన్సు మూడు నెలలు."
నోట్లు ఎంచతా ఎంచతా
ఆఖరిది రెండుసార్లు తడిమింది.
రెండు నెలలు చాల్లే అన్నాను. ఎందుకన్నానో.

ఇప్పుడు తెల్లారితే మెట్లమింద నించి
పులిసిన పిండి వాసన దిగతాది.
మా దోసెపిండి పొంగిందేమోనని
గిన్నె మూత తీసి చూస్తాను.
మాది కాదు.

పక్కింటి చెంగమ్మ గోడమింద నించి అడిగింది:
"ఫ్యామిలీకే అని రాసుంటివే?"
"రాత్రి వానకి చెరిగిపోయిందిలే" అన్నాను.

వాన పడి నెలయింది.
పైటకొంగున సుద్ద
ఇంకా తెల్లంగా ఉండాది.