పదును

ఒంగోలు డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి
ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ అన్నాడు.
నాకు తెలిసిన గ్రేడులు వేరే.
పాతికేళ్లు టంగుటూరు కంపెనీలో
రంగు చూసి ఆకు ఏరినదాన్ని,
నా నడుం ఏ గ్రేడో చూసుకోలా.

ఇప్పుడు తెల్లారి ఆరుకి
ఆరోగ్య కేంద్రం వరండాలో
బేళ్లకు చుట్టే గోనెపట్టా పరుచుకుంటన్నా.
ఎంత ఉతికినా తుమ్ములే.

వంగండి, అంటది జరీనా మేడం అందరితో.
వంగడం నాకు నేర్పాలా తల్లీ?
వంగీ వంగీ గదా ఇట్టయింది!
"నువ్వొద్దు మలకొండమ్మా,
నువ్వు బోర్లా పడుకో."
అరచేతులు చంకల పక్కన పెట్టి
తల బెత్తెడు లేపమంది.
లేచింది రెండు వేళ్లు.

పక్కన కరెంటాఫీసు సారు
పడగెత్తినట్టు నిలబడ్డాడు.
నేనూ గుంజబోయా.
చురుక్కుమంది,
కళ్లెంబడి నీళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది:
కాలిన బ్యారన్ తలుపు తీసిన పూట
ఆకునెవరూ ముట్టరు.
ముడితే పెళపెళ, పొడే.
తలుపులు బార్లా తీసి
రాత్రి మంచుని లోపలికి రానిచ్చి
పదునెక్కిందాకా కూర్చుంటాం.
పదునెక్కిన ఆకు
వేలికి చుట్టినా విరగదు.

మరి ఈ నడుం తలుపు
ఏనాడన్నా తీసిపెట్టానా?

గోనె మీద చెంప ఆనించా.
సముద్రం వైపునించొచ్చే తడిగాలి
వస్తే వచ్చింది, పోతే పోయింది.
మేడం అంకెలు చెబతానే ఉంది.
నేను వినలా.

రేపూ రెండు వేళ్లే అయితది.
కంపెనీ కాడ ఆటో దిగేటప్పుడు మాత్రం
కమ్మీ పట్టుకోవడం మరిచిపోయా.