నాలుగు సెకన్లు

మబ్బుతోనే లేస్తాను.
బూట్లు చేత పట్టుకొని వాకిలి దాటి
మెట్టు మీద తొడుక్కుంటాను.
కుడి బూటు మడమకు మా నాయన
పరుపులు కుట్టే దారంతో వేసిన కుట్టు,
కోటగోడలో కూడా అంత గట్టి కుట్టు లేదు.

సిద్ధవటం ఇంకా నిద్రలోనే.
టీ అంగడి మస్తానమ్మ ఒక్కతే పొయ్యి రాజేస్తా
"ఎవరే నిన్ను తరుముకొస్తాండేది, దస్తగిరమ్మా?" అంటుంది.
రోజూ అదే మాట.
రోజూ నవ్వను. ఊపిరి దండగ.

పడమటి వాకిలి దాటి
అగడ్త గట్టున ఎడమకు తిరిగితే
కంపచెట్ల నడుమ ఒక కాలిబాట. మేకలు వేసింది.
మొదటి బురుజు కాడ ఒళ్ళు ఇంకా నాది కాదు.
మూడో బురుజుకు మోకాళ్ళు మాట వింటాయి.
ఏడు, ఎనిమిది...
ఇక్కడ రాళ్ళ సందుల్లోంచి చిలకలు
ఒక్కసారిగా లేస్తాయి, లెక్క తప్పుతాను.
బురుజులు పదహైదో పదిహేడో
ఆ రోజు ఊపిరిని బట్టి.

ఎవరో రాజు, ఎవరో నవాబు, ఎవరో దొర
కట్టినారు, గెలిచినారు, వదిలేసి పోయినారు.
పరిగెత్తుకొచ్చేవాళ్ళను ఆపేదానికి కదా గోడ.
దాని నీడ పొడుగునా ఒక ఆడపిల్ల
తనంతట తాను పరిగెత్తుతుందని
ఏ మేస్త్రీ కొలత వేసుకోలేదు.

అప్పుడప్పుడు చేయి చాచి తాకుతాను.
తెల్లారుజామున కూడా రాయి వెచ్చగా ఉంటుంది,
నిన్నటి ఎండను ఎవరికోసమో ఎత్తిపెట్టినట్టు.

పోయినేడు పోలీసు సెలక్షన్లు.
పదహారు వందల మీటర్లు.
నాలుగు సెకన్లు.
నా నెంబరు చదివి ఆ సారు కాగితం తిప్పేసినాడు.
నాలుగు సెకన్లంటే ఎంత?
అమ్మ కొంగుతో మొహం తుడుచుకునేంత.
దూదేకే విల్లు మీద మా నాయన వేసే నాలుగు దెబ్బలు.
విల్లు ఇప్పుడు గోడకు వేలాడతాంది,
పరుపులు కడప నుంచి ప్లాస్టిక్ సంచుల్లో దిగుతాండాయి,
దెబ్బల చప్పుడు మాత్రం
నా పక్కటెముకల్లో ఉండిపోయింది.
రెండడుగులకు ఊపిరి లోపలికి
రెండడుగులకు బయటికి.

గోడ దిగితే పెన్న.
పెన్న అంటే ఇసుక, ఏడాదిలో పది నెలలు ఇసుకే.
దోసతోట ఓబన్న ఇచ్చిన మోకుతో కొలిచి
నాలుగు వందల మీటర్ల గుండ్రం గీసుకున్నాను,
గుర్తుకు ముళ్ళకంప నాటి.
కాలు దిగబడతాది,
ఏరు కిందనుంచి పట్టుకొని
"యాడికే అంత బిన్నా?" అన్నట్టు.

వెనక్కి తిరిగితే లంకమల అడవి, నల్లగా.
అందులో కలివికోడి ఉండాదంటారు.
లేదనుకున్నాక మళ్ళీ కనబడిన పిట్ట,
రెక్కలుండి కూడా నేల మీదే పరిగెత్తుతాదంట.
నేను చూడలేదు. చూడాలనీ లేదు.
ఉంటే చాలు, ఆ చీకట్లో ఇంకొకతె.

నిన్న రాత్రి పైనెక్కడో కాలంగాని వాన.
గేట్లు ఎత్తినారంట.
మబ్బుతో పోతే నా గుండ్రం లేదు.
ఎర్రనీళ్ళు, కంపకొమ్మలు, ఓబన్న గుడిసె తడికె,
ఒక దోసకాయ తేలుతా, మునుగుతా, తేలుతా.
ఓబన్న గట్టు మీద కూర్చొని బీడీ ముట్టించి
"నా తోట, నీ మైదానం
రెండూ సోమశిలకు పోయినాయి మే,
ఆడికి పోయి పరిగెత్తుకో" అని
నవ్వబోయి దగ్గినాడు.
ఏమనాలో తెలీక పక్కన కూర్చున్నాను.

అలవాటు కొద్దీ లెక్కపెట్టినాను.
ఒక బురుజు నుంచి ఇంకో బురుజుకు
ఆ దోసకాయకు పదకొండు సెకన్లు.
నాకు పధ్నాలుగు.

"పోతాండాది సూడు, పట్టుకుంటావా?" అన్నాడు ఓబన్న.

బూటు దారం బిగించినాను.
గోడ ఎడమచేతి పక్క, ఏరు కుడిచేతి పక్క.
దోసకాయ ఇంకా మలుపు తిరగలేదు.