రానూపోనూ

మంగళవారం రాత్రి ఎనిమిదింటికి
బర్రైరు రేవు వెనక, ఒకప్పుడు వలలమ్మిన గదిలో
దోన గ్రసియేత్ కుర్చీని బల్ల మీదికెక్కించి
దాని వీపు పుల్లల సందుల్లోంచి మమ్మల్ని చూస్తుంది.
అదే టికెట్ కిటికీ.
ముప్పై ఒక్క ఏళ్లు అసలు కిటికీ వెనక కూర్చున్న మనిషి,
ఏదో ఒకటి అడ్డం లేకపోతే పాఠం రాదట.

వరసలో నిలబడతాం.
హోటల్ దుప్పట్లు ఉతికే బిష్ణుమాయ,
సిమెంటు మోసే లామిన్,
బ్యాంకు నేలలు తుడిచే వసిలిక,
ఆఖర్న నేను, ఒంటినిండా రొట్టెల బట్టీ వాసనతో.

"కెరియ ఉం బిల్యెత్."
ఒక టికెట్ కావాలి, అని కాదు.
ఒక టికెట్ కావాలనుకునేదాన్ని, అని.
ఇక్కడ మర్యాదంతా భూతకాలంలో ఉంటుంది.
ఇప్పుడే పుట్టిన కోరికని
ఎప్పుడో వదులుకున్నదానిలా అడగాలి,
అప్పుడు ఇస్తారు.
"మా నాన్న ఎంత మర్యాదస్తుడో" అన్నాడు లామిన్,
"ఆయనకి అన్నీ కావాలనే ఉండేవి."

కర్రెగార్ అంటే పాసులో డబ్బు నింపించుకోవడం.
బరువు మొయ్యడమూ అదే మాట.
అది లామిన్‌కి ముందే వచ్చు,
పొద్దస్తమానం వినేది దాన్నే.

పార్తిర్ అంటే బయల్దేరడం.
పగలడం కూడా.
ఆఖరి పడవ ఎన్నింటికి పగులుతుంది
అని పుస్తకంలో రాసుకున్నాను,
కొట్టెయ్యబుద్ధి కాలేదు.

వసిలిక ఎనిమిది నెలలుగా
రోజూ తెల్లారగట్ల ఒక వేలు ఎత్తి చూపించి
ఒక టికెట్ కొనుక్కుంటోంది.
సాయంత్రం అవతలి ఒడ్డున మళ్లీ అదే వేలు.
నెల పాసు చవకని తెలుసు.
నెలకి వేలు లేదు.

ఒకటో తారీకు, ఐదూ పది.
వెనక నేనున్నాను, తోడు రమ్మంది.
"కెరియ ఉ పాస్ మెన్సాల్" అంది,
ఎక్కడా తొట్రుపడలేదు,
చివరి లకారం గొంతులోకి మింగింది కూడా.
తడితల కుర్రాడు ఒక్కసారి తలెత్తి
గడగడా ఏదో అన్నాడు.

మా పుస్తకాల్లో మా ప్రశ్నలే ఉన్నాయి.
వాళ్ల జవాబులు ఎవరూ రాసుకోలేదు.

వెనక ఎవరో దగ్గారు.
పడవ కూత వేసింది.
కుర్రాడు తన మొహం చుట్టూ
చూపుడువేలితో గాల్లో చదరం గీశాడు.
ఓ, ఫోటో!
సంచీ అడుగునుంచి తీసింది, మడతపడింది,
పక్కన గోధుమరంగు కోటు, ఎవరిదో భుజం.
కుర్రాడు కత్తెర తీసి
భుజాన్ని జాగ్రత్తగా కోసి,
ఆ ముక్కని చిల్లరతో పాటు వెనక్కి తోశాడు.
వసిలిక చిల్లర లెక్కపెట్టుకోలేదు.

రేవు మెట్లు దిగేసరికి
పడవకీ మాకూ మధ్య పది గజాల నీళ్లు.
"పర్తియు" అంది, నదికేసి చూస్తూ,
మరుక్షణం ఫక్కున నవ్వింది.
బయల్దేరిందనో, పగిలిందనో నేనడగలేదు.
కొత్త పాసు వెనక, తొడుగులో,
గోధుమరంగు అంచు కనిపిస్తోంది.

తర్వాతి మంగళవారం "ఇద ఇ వోల్త".
వెళ్లడమూ, తిరిగి రావడమూ.
మీ మీ భాషల్లో చెప్పండి, అంది దోన గ్రసియేత్.
బిష్ణుమాయ చెప్పింది, వసిలిక చెప్పింది.
నా వంతు. రానూపోనూ.
మాటకి మాట విప్పమంది, విప్పాను.

కుర్చీ పుల్లల సందులోంచి
ఒక కన్ను, సగం కళ్లద్దం.
"ముందే రావడమా? బయల్దేరకుండా
ఎక్కడికొస్తారమ్మా మీరు?"

చిన్నప్పట్నించీ బస్సుల్లో అంటున్న మాటే,
ఎన్నడూ దాని ముందూ వెనకా చూసుకోలేదు.
ఏ కాలంలో జవాబు చెప్పాలో తెలీక
"కెరియ..." అని ఆగిపోయాను.
లామిన్ నవ్వాడు. అందరూ నవ్వారు.

తొమ్మిదిన్నరకి ఆవిడ కుర్చీని కిందికి దించి
దాని మీదే కూర్చుని బూట్లు తొడుక్కుంది.
కిటికీ మూసేసినట్టే.