రీటెస్ట్

లాంగ్టన్‌లో రైలు వంతెన కింద గరాజు.
మాల్కం నా బండి కిందికి దూరి
కోడిగుడ్డుకి ఈకలు పీకినట్టు
గంటసేపు వెతికాడు.
బ్రేకులు బాగున్నాయి. టైర్లు ఇంకో చలికాలం ఓర్చుకుంటాయి.
పదహారేళ్ళ కోర్సా, నేను దానికి నాలుగో మనిషిని,
పొగ గొట్టం కూడా పాసైంది.

తప్పింది ఒక్కటే.
వెనక నంబరు ప్లేటు మీద వెలగాల్సిన బుడ్డి దీపం.
బల్బు మూడు పౌన్లు.
"రేపు సాయంత్రంలోగా తెస్తే పెన్నీ అక్కర్లేదు, డక్" అన్నాడు
(ఈ ఊళ్ళో ఎవరిమీదైనా ప్రేమ పుడితే బాతు అంటారు)
"దాటితే సగం ఫీజు.
ఇరవై ఏడు పౌన్ల నలభై రెండు."

ఆ రాత్రే మార్చాను, వేలు కోసుకుని.

మర్నాడు మూడింటికి
మిసెస్ హ్యారప్ బాత్రూంలో పడి ఉంది.
ఎత్తకూడదు. అంబులెన్స్ వచ్చేదాకా కదపకూడదు.
దుప్పటి కప్పి, పక్కనే టైల్స్ మీద కూర్చుని
చెయ్యి పట్టుకున్నాను.
ఒకప్పుడు ఫ్యాక్టరీలో కప్పులకి బంగారు అంచు దిద్దిన చెయ్యి.
ఒక్క చుట్టులో గీసేదాన్ని, వణక్కుండా,
అంది వణుకుతూ.
నాలుగైంది. ఐదైంది.
అరగంటే నీ విజిట్ అని ఫోను గొణుగుతూనే ఉంది.
మూడు మైళ్ళ అవతల గరాజు షట్టరు పడిన చప్పుడు
నాకొక్కదానికే వినిపించింది.

శుక్రవారం వెళ్ళాను.
మాల్కం బండి వెనక్కి నడిచి, వంగి,
"వెలుగుతోంది" అన్నాడు.
అంతే. దగ్గినంత సేపు పట్టలేదు.
కార్డు పెట్టాను. మిషను తీరిగ్గా ఆలోచించి మింగింది.
సంగతి విని, "ముందే ఫోన్ చేసుంటే..." అని సగంలో ఆగి
రసీదు చించి ఇచ్చాడు.

మళ్ళీ పరీక్ష నాకు కొత్త కాదు.
ఇంగ్లీషు రెండుసార్లు, డ్రైవింగు మూడు.
తప్పిన ముక్క ఎప్పుడూ వేలెడే,
కట్టిన ఫీజు మూరెడు.
కోపమేం లేదు. కానీ ఈ ఇరవై ఏడు నలభై రెండు
దేనికి పడ్డట్టు?
దీపానికైతే కాదు, అది ఆ రాత్రే వెలిగింది.
లెక్కల పుస్తకంలో పాలు, ఉల్లిపాయలు, బస్సు కింద
హ్యారప్ అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

ఇంటి ముందు ఆపి, లైట్లు ఆర్పకుండా
దిగి వెనక్కెళ్ళి చూశాను
నడిపేవాళ్ళకి ఎన్నడూ కనిపించని దీపాన్ని.
దాని కింద నా నంబరు,
ఒక చచ్చిన పురుగు,
వాన.