మూరెడు దూరం

లోసరి చెరువు గట్టు మీద నాది రాత్రి కాపలా.
కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి,
రొయ్య పైకి తేలి గాలికి తన్నుకుంటుంది.
పావుగంటలో జనరేటర్ అందుకోకపోతే
తెల్లారేసరికి గట్టంతా తొక్కలే.

నా రొమ్ములోనూ ఒకటుంది.
మొదటిదానికి తీగ గుండె లోపలిదాకా దించారు.
ఎనిమిదేళ్లకి తీగ చిట్లింది, బ్యాటరీ కూడా చివరికొచ్చింది.
భీమవరం డాక్టరమ్మ కొత్తది పెట్టింది
చంక కింద, పక్కటెముకల మీద.
బిళ్ల కాస్త పెద్దదే గానీ
తీగ గుండెని ముట్టుకోదట.
మంచం పక్కన ఇంకో పెట్టె.
గుండె ఎన్నిసార్లు తడబడిందో
ఆసుపత్రికి చెప్పేస్తుంది,
నాకు చెప్పదు.

మొన్న ఉప్పుటేరుకి పోటొచ్చిన రాత్రి
చెక్‌ట్రే పైకి లాగుతూ ఒరిగిపోయాను.
పడవ గడ తిరిగొచ్చి రొమ్మున పొడిచినట్టు
ఒకటే పోటు.
కళ్లు తెరిచేసరికి
ట్రేలో రొయ్యలు ఇంకా ఎగురుతున్నాయి.

ఆడే జనరేటర్‌కి మూరెడు దూరం ఉండమన్నారు.
ఇప్పుడు హ్యాండిల్ భూలక్ష్మి తిప్పుతుంది.
అది అందుకున్నాక
టార్చి నా మొహం మీద వేసి
"మరి నీదో? ఆడుతోందా?" అంటుంది.

ఆడుతోందే అంటాను,
చెయ్యి పెట్టి చూసుకోకుండానే.