వంత

ఆ గది మొన్నటిదాకా టైర్ల కొట్టు.
గోడల నిండా గుడ్ల అట్టలు అతికించినా
రబ్బరు వాసన ఇంకా పోలేదు.
చట్టనూగాలో ఆగస్టు నెల.
టేపు మీద చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు.
ఒడెస్సా చేతిలో మాత్రం చర్చిలో పంచిన విసనకర్ర,
ఒకవైపు ప్రభువు బొమ్మ,
రెండోవైపు శవపేటికల కొట్టువాడి ఫోన్ నంబరు.

మైకు నా నోటికి జానెడు దూరంలో ఉంది.
నా కాళ్లు వెనక్కి నడిచాయి.
"ముందుకి రా తల్లీ" అన్నాడు అద్దం అవతల డెల్బర్ట్.
వచ్చాను. మళ్లీ వెనక్కి పోయాను.
చివరికి నేల మీద సుద్దతో రెండు పాదాలు గీశాడు,
బడిపిల్లకి గీసినట్టు.

పద్నాలుగేళ్లు ఆరడుగుల వెనక నిలబడ్డ కాళ్లు కదా,
ఎవరెవరి వెనకో.
వాళ్లు తానా అంటే మేం తందానా.
ప్రేమించానని వాళ్లంటే అవునవునని మేం,
వెళ్లిపోతానని వాళ్లంటే వద్దువద్దని మేం.
పాటకి పదిహేను డాలర్లు, ఒక్కోసారి కోడి వేపుడు.
అట్ట మీద పేరుండదు.
ఒకాయన మా గొంతులు మాత్రం ఉంచుకుని
టీవీలో మా చోట తెల్లపిల్లల్ని నిలబెట్టాడు,
పెదాలు కదపడానికి.
వెర్లీన్ అది చూస్తూ బఠాణీలు ఒలిచింది.
ఒక్క గింజా కింద పడలేదు.

అంతకుముందు మా గొంతులకి యజమాని ఒక్కడే.
నెబో కొండ చర్చి, చెక్క నేల,
అమ్మ మడమ కొడితే అదే మద్దెల.
శ్రుతి తప్పితే దేవుడు క్షమిస్తాడు గానీ
నేను క్షమించనే, అనేది.

ఈ సంగతి చెప్పినప్పుడు ఒకటే అడిగింది:
"ఆ పాటలో ప్రభువు ఎక్కడున్నాడు?"
నాకు నోరు రాలేదు.
మేజోళ్ల మిల్లులో రెండో షిఫ్టులో,
దారం అయిపోయిన అట్టగొట్టం మీద
ఒడెస్సా రాసిన పాట అది.
కరెంటు కోసేసిన రాత్రి
ఒక మనిషి, పక్కన పడుకున్న మనిషి వీపు తడిమి
ఇంకా ఇక్కడే ఉన్నావా అని అడగడం.
అంతే పాట.
అదే మాట నేను మోకాళ్ల మీద కూడా అడిగాను.
అడిగేది ఎవర్నో అదొక్కటే తేడా.

టేపు తిరిగింది. గిటారు, ఆర్గను, నాలుగు ఆవర్తాలు.
తరవాత మేం.
మేం...
ఎవరూ ఎత్తుకోలేదు.
ముగ్గురం ఎదురుచూస్తున్నాం,
ముందునుంచి ఎవరో పాడితే అందుకుందామని.
ముందు గోడ ఉంది. గోడకి గుడ్ల అట్టలున్నాయి.

రెండోసారీ అంతే.
మూడోసారి డ్రమ్ముల పిల్లాడు కిసుక్కుమన్నాడు.
ఒడెస్సా విసనకర్ర పక్కన పెట్టి, చెప్పులు విప్పి
మడమతో నేలని ఒక్కటి కొట్టింది.
కింద సిమెంటు. చెక్కలా మోగలేదు.
అయినా నాకు వినబడింది.
నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది.

ఏం పాడానో గుర్తులేదు.
నా వెనక వాళ్లిద్దరూ వచ్చి చేరడం గుర్తుంది.
నేను మోస్తున్నదేదో సగానికి సగం తేలికైపోయింది.
ఓహో, ఇదా
ఇన్నేళ్లూ మేం వాళ్లకిచ్చింది,
పదిహేను డాలర్లకి!

మూడువందల రికార్డులు. కారు డిక్కీలో పెట్టుకుని అమ్మాం.
ఎండకి నలభై వంకరపోయాయి.
ఒక శనివారం రాత్రి, పదకొండు దాటాక
రేడియోలో వేశారు. మా పేరు తప్పు చదివారు.
అమ్మ వంటింట్లో
రేపటి ప్రార్థనకి తెల్ల చేతిగ్లౌజులు ఇస్త్రీ చేస్తోంది.
తలెత్తలేదు. ఒక్క మాట అనలేదు.
గ్లౌజు మాడిన వాసన వచ్చింది.
పాట అయిపోయి సబ్బు ప్రకటన మొదలయ్యాక అంది:
"రెండో చరణంలో
వెర్లీన్ శ్రుతి దిగింది."